కల్యాణపు బాటలో పండితారాధ్యులు

బాపట్ల జిల్లా పిట్టలవానిపాలెము మండలమునందలి చందవోలు నేడొక సామాన్య గ్రామము. 2022 వరకు గుంటూరు జిల్లాలోనిదే. లింగోద్భవస్వామి ఆలయము, బండ్లమ్మ తల్లి గుడి, ఊరి చుట్టును పొలములు. దారిన పోవువాడు బస్సు కిటికీలోనుండి చూచినచో ఇక్కడ నొకప్పుడు రాజ్యమేలినవారుండిరని తోచదు. ఎనిమిది వందల యేండ్లకు పూర్వము ఇది వెలనాటి చోడుల రాజధాని. ఆ రాజుల కొలువులో మన మల్లికార్జున పండితారాధ్యులవారు తమ రెండు కన్నులను పోగొట్టుకొనిరి.

ముందుగా ఒక మాట. శ్రీశైల పీఠమునందలి జగద్గురువులకును పండితారాధ్య నామము పరంపరగా వచ్చుచున్నది. మన పిల్లలు ఆ పేరును ఈ పేరును ఒకటిగా తలచుచుందురు. ఇక్కడ చెప్పబోవునది ద్రాక్షారామములో పుట్టి, శివతత్త్వసారమును రచించిన కవిపండితుల చరిత్ర. బసవేశ్వరుల కథ మన యిండ్లలో ముసలివారికిని, పసివారికిని కొంతకు కొంత తెలియును. వీరి కథ మాత్రము పేరు తలచి నమస్కరించుటతోనే ముగియుచున్నది. వీరు మన నేలమీద తిరిగినవారు. మన నేలమీద బాధపడినవారు. వారి చరిత్ర మనకు తెలియకుండుట లోపమే.

పండ్రెండవ శతాబ్దమున కృష్ణకు దక్షిణముననున్న ఈ సీమను వెలనాడు అనెడివారు. తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతములన్నియు అందు చేరును. వెలనాటి చోడులు పేరునకు చాళుక్యచోళులకు సామంతులు; కులోత్తుంగుని తరువాత ఆ పెద్ద రాజ్యము బలహీనమగుకొలది వీరే ప్రభువులైరి. అమరావతి వైపున కోట వంశమువారు, పలనాటిలో హైహయులు, ఇట్లు నలుప్రక్కల చిన్న చిన్న రాజ్యములు. ఎవరు ఎవరికి పన్ను కట్టవలెనో, ఎవరి పక్షమున కత్తి పట్టవలెనో కాపులకు తెలియని కాలము. పలనాటిలో అన్నదమ్ముల పోరు 1180 ప్రాంతమున కారెమపూడి యుద్ధముగా పరిణమించి ఆ సీమను ఖాళీచేసినది. మనము నేడు గుంటూరు అనగానే మిరపను, ప్రత్తిని తలచుకొందుము. ప్రత్తి ఆనాడును ఉన్నది కాని మిరప లేదు. అది సముద్రము దాటి చాల తరువాత వచ్చినది. ఆనాటి వారి కూరలో మిరియపు కారమే. అయినను రాజుల మధ్య, మతముల మధ్య కారమునకు కొదువ లేకుండెను.

మతముల విషయము మరింత చిక్కు. బౌద్ధము అప్పటికి మన దేశమున చాలవరకు అడుగంటినది గాని పూర్తిగా పోలేదు. భట్టిప్రోలు స్తూపము చందవోలునకు ఎంతో దూరము కాదు. అమరావతిలో కోట కేతరాజు 1182లో వేయించిన శాసనమున అమరేశ్వరునికి దానములున్నవి, బుద్ధదేవునికి అఖండదీపములును ఉన్నవి. ఒకే రాజు, ఒకే రాతిమీద, ఇద్దరికిని దీపము పెట్టినాడు. జైనులును అక్కడక్కడ ఉండిరి. వైష్ణవము క్రొత్త బలముతో వచ్చుచుండెను. శైవులలోనే కాలాముఖులు, పాశుపతులు, వైదికశైవులు అని భేదములు. సామాన్యుడు ఎవరి మాట వినవలె? ఏ గుడికి పోవలె? ఎవరితో కలిసి కూడు తినవలె? ఈ ప్రశ్నలు పుస్తకములలోని ప్రశ్నలు కావు; ఇంటింటి ప్రశ్నలు.

అట్టి కాలమున గోదావరీ తీరమున, పంచారామములలో నొకటియైన ద్రాక్షారామమున, భీమనపండితుడు, గౌరాంబ అను దంపతులకు మల్లికార్జున పండితులు జన్మించిరి. కోటిపల్లి ఆరాధ్యులు వారికి గురువులు. వేదశాస్త్రములు చదివిరి, శివదీక్ష పొందిరి. ఈ వివరములు మనకు పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్ర వలన తెలియుచున్నవి. అది భక్తుడు భక్తుని గూర్చి వ్రాసిన గ్రంథము. నేటి చరిత్రకారుల వలె తేదీలు వేసి వ్రాసినది కాదు. అందుచేత ఏది జరిగినది, ఏది భక్తి చెప్పించినది అని విడదీయుట ప్రతిచోట సాధ్యము కాదు. నేను విడదీయబూనను కూడ.

శ్రీపతి పండితులు, శివలెంక మంచన పండితులు, మల్లికార్జున పండితులు, ఈ మువ్వురిని పండితత్రయమని మన పెద్దలు చెప్పుదురు. బెజవాడలో శ్రీపతి పండితులు జమ్మిచెట్టునకు వస్త్రములో నిప్పు మూటగట్టి వ్రేలాడదీసిన కథ మనవారందరును ఎరిగినదే; అది చెప్పుటకు ఇక్కడ తావు లేదు.

మల్లికార్జున పండితుల శివతత్త్వసారమును కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు పరిష్కరించి వెలువరించిరి. అందు మనకు దొరికినవి 400 పైచిలుకు కందపద్యములు. దానిని గూర్చి తెలుగు పండితునిగా నేనొక మాట చెప్పక తప్పదు. సంస్కృతమున అంత పాండిత్యము గలవారు తెలుగును ఎన్నుకొనిరి. శాస్త్రచర్చను కందపద్యములో, శివుని ఎదుట నిలిచి మాటలాడుచున్నట్లుగా నడిపిరి. పద్యము తరువాత పద్యము శివునికే సంబోధన. అందువలననే కొందరు విమర్శకులు మన శతకములకు మొదటి మొలక ఇందే కలదనిరి. నిజమైన భక్తుడు పుట్టుకచేత తక్కువవాడు కాడను భావము అందు కలదు. అది ఒక ప్రక్క. రెండవ ప్రక్క శివుని నిందించువారి యెడల ఆ గ్రంథమునందలి మాట మిక్కిలి కఠినము. దయ అను మాటకు అక్కడ చోటు తక్కువ. చదువునపుడు నాకు చేయి ఒకింత వెనుకాడును. గౌరవము కొరకు ఈ సంగతి దాచినచో తరువాతి కథ మనకు అర్థము కాదు.

పండితారాధ్యులు శిష్యులతో కూడి దేశాటనము చేయుచు, ఊరూర శైవమును స్థాపించుచు చందవోలునకు వచ్చిరి. వెలనాటి చోడుని కొలువున బౌద్ధాచార్యుడొకడు మన్ననలందుచుండెను. ఆ రాజు రెండవ రాజేంద్రచోడుడని చరిత్రకారులు కొందరందురు. ఈ రాజులు శివద్వేషులని ఎవరును అనుకొనరాదు. వెలనాటివారు ద్రాక్షారామ భీమేశ్వరునికి ఇచ్చిన దానములు ఆ గుడి రాళ్లమీద నేటికిని ఉన్నవి. పండితారాధ్యులు పుట్టిన ఊరి దేవునికే దానము చేసిన వంశము అది. రాజు శివునికి మ్రొక్కుచు బౌద్ధునికి ఆశ్రయమిచ్చెను. కోట కేతరాజు చేసినదే ఇతడును చేసెను. నాటి రాజులకు అది రాజధర్మము. ఏకనిష్ఠ గల భక్తునికి అది నిలకడ లేనితనము.

కొలువులో వాదము జరిగెను. జగత్తునకు కర్త లేడు, అది తనంత పుట్టి తనంత పోవునని బౌద్ధుడు వాదించెను. కర్త కలడు, అతడు శివుడేయని పండితారాధ్యులు ప్రమాణములతో నిలబెట్టిరి. సోమనాథుడు ఈ ఘట్టమునకు ఒక ప్రకరణమునే వినియోగించి, దానికి వాదప్రకరణమని పేరు పెట్టెను. వాదమున బౌద్ధుడు ఓడెను. అంతటితో ఆగినచో అది పండితుల కథగానే మిగిలియుండెడిది. ఆగలేదు. మనసులో కోపము నిలిచినది, మాట మాట పెరిగినది, పండితారాధ్యుల శిష్యులు ఆ బౌద్ధాచార్యుని చంపిరి.

రాజు ఊరకొనలేదు. తన రక్షణలోనున్నవాడు తన నగరమున హతుడయ్యెను. శిష్యులు చేసిన పనికి గురువును బాధ్యుని చేసి, పండితారాధ్యుల కన్నులు తీయించెను. శివానుగ్రహమున వారికి మరల చూపు వచ్చెననియు, వారు రాజును, రాజ్యమును శపించి చందవోలు విడిచిరనియు సోమనాథుడు చెప్పెను. వెలనాటి వంశము ఎంతో కాలము నిలువలేదను మాట నిజము. పదమూడవ శతాబ్ది తొలి దశకమున కాకతి గణపతిదేవుని కాలములో పృథ్వీశ్వరునితో ఆ ప్రభుత్వము ముగిసినది.

కొన్ని యేండ్ల క్రిందట తొమ్మిదవ తరగతిలో సోమనాథుని గూర్చి చెప్పుచు ఈ కథ చెప్పితిని. ముందు బల్లపై కూర్చుండు బాలిక యొకతె లేచి, ఓడినవానిని చంపనేల అని అడిగెను. రాజు చేసినది తప్పా, శిష్యులు చేసినది తప్పా అని ఆమె అడుగలేదు. ఆ ప్రశ్నకైతే ఏదో ఒకటి చెప్పియుందును. ఆమె మా మతము పిల్ల కాదు. గంట కొట్టిరి, నేను సుద్దముక్క బల్లపై పెట్టి వచ్చివేసితిని. ఆనాటి నుండి ఈ కథను నేను మరొక విధముగా చదువుకొనుచున్నాను. శిష్యులు చేసినది తప్పు. గురువు మాటలోని కాఠిన్యము ఆ చేతికి బలమిచ్చినదని కూడ అనుకొందును. కన్నులు తీయుట అంతకంటె క్రూరము. అందరును తమకు తోచిన ధర్మమునే నిలబెట్టితిమనుకొనిరి.

అయితే పండితారాధ్యుల జీవితము అక్కడ ముగియలేదు. నాకు వారి గొప్పతనము కనిపించునది కొలువులో కాదు, అక్కడ నుండి వెడలిన తరువాతి బాటలో.

వెలనాడు పోయినది. రాజాశ్రయము పోయినది. వాదములో గెలిచి సాధించినదేమియు లేదు. ఒకడు చచ్చెను, ఒకనికి కన్నులు పోయెను. అప్పుడు వారు పడమర దిక్కునకు తిరిగిరి. కల్యాణమున బిజ్జలుని భండారియైన బసవేశ్వరుల మహిమలు జంగముల నోట ఊరూర వినబడుచుండెను. మనము నేడు బసవకల్యాణమనునది ఆ ఊరే, కర్ణాటకమున బీదరు జిల్లాలోనిది. అక్కడ మడివాళ మాచయ్య బట్టలుతుకువాడు, అంబిగర చౌడయ్య పడవ నడుపువాడు, హరళయ్య చెప్పులు కుట్టువాడు, నులియ చందయ్య త్రాళ్లు పేనువాడు. వీరందరును బ్రాహ్మణ కులమున పుట్టిన బసవనితో ఒకచోట కూర్చుండి శివానుభవము ముచ్చటించుచుండిరి. కాయకము చేసి తినుట, తినగా మిగిలినది జంగమునకు పెట్టుట, ఇదే వారి శాస్త్రము. వాదించి గెలుచుట కాదు, కలిసి బ్రతుకుట. చందవోలు కొలువు చూచి వచ్చినవారికి ఈ వార్త ఎట్లు వినబడియుండునో ఊహించుకొనవచ్చును.

బసవేశ్వరులకును పండితారాధ్యులకును ఒక పెద్ద భేదము కలదు. బసవేశ్వరులు జందెమును, దానితోడి కర్మను వదలి కూడలసంగమమునకు వెడలినవారు. పండితారాధ్యులు లింగమును ధరించిరి, జందెమును ఉంచుకొనిరి. నేటికిని మన ఆరాధ్యులు రెండును ధరించుట వారి సంప్రదాయమే. ఈ భేదమును వారు కప్పిపుచ్చలేదు. తమ మనసు భక్తివైపే లాగుచున్నదనియు, అయినను బ్రాహ్మ్యముతోడి పొత్తును విడువలేకున్నాననియు బసవనిని తలచుకొని ఒప్పుకొనిరి. అంతటి పండితుడు, వాదమున ఎవరికిని తలవంచనివాడు, ఇచ్చట తన బలహీనతను తానే చెప్పుకొనెను. సమర్థించుకొనుటకు శ్రుతిస్మృతులు వారికి కరతలామలకములు. ఒక్క ప్రమాణమును చూపలేదు. తన వలె లేనివానిని తనకంటె పెద్దవానిగా అంగీకరించి, అతనిని చూడవలెనని నడక సాగించిరి.

మన సంఘములో ఈ భేదము నేటికిని తీరలేదని చదువరులకు నేను చెప్పవలెనా? జందెమున్నవారు, లేనివారు, జంగములు, లింగబలిజలు, మేమే అసలు బసవ మార్గమువారమనువారు, పంచాచార్య పరంపరయే మూలమనువారు. మా వైపు ఒక ఊరిలో, పేరెందుకు, మఠము పండుగనాడు రెండు పంక్తులు వేసిరి. వడ్డించునది ఒకే సాంబారు, ఒకే పులిహోర. నడుమ నొక గుంజ, గుంజకు కట్టిన త్రాడు. నేను ఏ పంక్తిలో కూర్చుండవలెనో అడుగుటకు సిగ్గుపడి వెలుపల వేపచెట్టు క్రింద నిలుచుంటిని. నావంటివారు మరి నలుగురైదుగురు అచ్చటనే నిలిచియుండిరి. ఒక పెద్దమ్మ మమ్ము చూచి, ఏమియు అడుగక, ఆకులు అక్కడికే తెచ్చి పరచినది. ఆనాటి భోజనము నాకు ఇప్పటికిని జ్ఞాపకమున్నది.

పండితారాధ్యులు కల్యాణము చేరలేదు. దారిలోనే పిడుగువంటి వార్త వినవచ్చెను. 1167-68 ప్రాంతమున కల్యాణమున పెద్ద కల్లోలము జరిగినది. బ్రాహ్మణుడైన మధువరసు కూతురిని హరళయ్య కొడుకునకిచ్చి చేసిన పెండ్లి రాజుకు కంటగింపై, ఆ తండ్రులిద్దరికిని మరణశిక్ష పడెనని కథ. బిజ్జలుడు హతుడయ్యెను. శరణులు చెల్లాచెదరై కొండలకు, అడవులకు పోయిరి. బసవేశ్వరులు కూడలసంగమమున లింగైక్యము చెందిరి. ఈ మాట విని పండితారాధ్యులు దారిమధ్యమున కూలబడి శోకించిరని సోమనాథుడు వర్ణించెను. చందవోలున కన్నులు పోయిననాడు శపించినవారు, ఇక్కడ ఎవరిని శపింపలేదు, ఏడ్చిరి.

ఒక సంగతి నాకెప్పుడును తోచుచుండును. కూడలసంగమమున కృష్ణలో మలప్రభ కలియును. ఆ నీరే శ్రీశైలము కొండల అడుగున పారి, అమరావతి మీదుగా వెలనాటికి వచ్చి సముద్రము చేరుచున్నది. ఆ ఇద్దరును ఒకరి ముఖమొకరు చూడలేదు గాని ఒకే ఏటి నీరు త్రాగినవారు.

ఇక కల్యాణమునకు పోయి చేయవలసినదేమున్నది? ఇంటికి మరలుటకు వెలనాడు లేదు. పండితారాధ్యులు శ్రీశైలము దారి పట్టిరి. చెదరిన శరణులకును, తెలుగు భక్తులకును, కన్నడ భక్తులకును అదే కూడలి. సోమనాథుడు పర్వతప్రకరణమున శివరాత్రి యాత్రను వర్ణించిన తీరు చదువవలసినదే. మన పల్లెవారి జీవితము అంతగా కనబడు పాతగ్రంథము మరొకటి నేను చూడలేదు. కొండదారిన జనము నడుచుచుందురు. తుమ్మెదపదములు, ప్రభాతపదములు, పర్వతపదములు, ఆనందపదములు, శంకరపదములు, నివాళిపదములు, వాలేశుపదములు, గొబ్బిపదములు, వెన్నెలపదములు పాడుచుందురు. ఆటలు, నాటకములు, బొమ్మలాటలు. కాళ్లు బొబ్బలెక్కినవారు, ముసలివారు, మ్రొక్కులవారు. ఈ పాటలలో ఏ ఒక్కటియు శాస్త్రవాదము కాదు. మన జానపద గేయములకు పేర్లు దొరకిన తొలి తావులలో ఇది యొకటి యని సాహిత్య చరిత్ర వ్రాసినవారందరును ఎత్తి చూపుచుందురు.

మన ఒంగోలు, నరసరావుపేట ప్రాంతములవారికి ఆ దారి క్రొత్తది కాదు. త్రిపురాంతకము శ్రీశైలమునకు తూర్పు ద్వారము. దోర్నాల దాటిన తరువాత నల్లమల. నేడు బస్సులు పోవుచున్నను నడిచిపోవువారు ఇంకను కలరు. కోటప్పకొండ తిరునాళ్లనాడు ఊరికొక ప్రభ కట్టుకొని ఎండలో లాగుకొనివచ్చు జనమును చూచినవారికి పర్వతప్రకరణము సులభముగా అర్థమగును. ప్రభ కట్టునపుడు వెదురు ఎవరిది, త్రాడు ఎవరిది, భుజము ఎవరిదని అడుగరు. అడిగినచో అది లేవదు.

ఆ జనము నడుమ పండితారాధ్యులు తమ చివరి దినములు గడిపి, శ్రీశైలమున శివైక్యము చెందిరి. వాదములో ఓడించినవారి లెక్క అక్కడ ఎవరును అడుగలేదు. వారితో నడిచినవారు, వారి చుట్టు కూర్చుండి శివకథ విన్నవారు, ఆ కథను తమ ఊళ్లకు మోసికొనిపోయినవారు, వీరే వారికి మిగిలిన రాజ్యము.

ఆ కథ నోటినుండి నోటికి వచ్చి పాల్కురికి సోమనాథుని చేతికి చిక్కెను. ఆయన మొదట బసవపురాణము వ్రాసెను, తరువాత పండితారాధ్యచరిత్ర వ్రాసెను. రెంటికిని ద్విపదయే, జానుతెనుగే. దీక్ష, పురాతన, వాద, మహిమ, పర్వత అను ఐదు ప్రకరణములు రెండవదానిలో కలవు. బసవపురాణమును భీమకవి 1369లో కన్నడించెను. కన్నడదేశమువారు తమ బసవని కథను మన తెలుగునుండి తీసికొనిపోయిరి. సోమనాథునికి జందెము వదలినవాని కథ ఒకటి, ఉంచుకొన్నవాని కథ ఒకటి, రెండును కావలసివచ్చినవి. ఒకరిని ఎక్కువ చేయుటకు మరొకరిని తగ్గించలేదు.

గత కార్తికమున చందవోలు పోయితిని. లింగోద్భవస్వామి గుడిలో దీపములు పెట్టుచుండిరి. అర్చకుని పండితారాధ్యుల గూర్చి అడుగగా, పేరు విన్నాననియు, కథ తెలియదనియు వినయముగా చెప్పెను. అరుగుమీద కూర్చుండి, ఆయనకును, ప్రమిదలు సర్దుచున్న ఇద్దరు ఆడపడుచులకును, కన్నులు తీయించినంతవరకు చెప్పితిని. చీకటి పడుచున్నది, బాపట్ల బస్సు వేళయినది. తక్కినది మరల వచ్చినపుడు చెప్పుదునని మాట ఇచ్చి వచ్చితిని.